అయోమయం గ్రామం, మునగాల మండలం

అబద్ధం చెప్పేటప్పుడు ఆండాలు ముఖంలో ఒక్క గీత కూడా కదలదు. నిజం చెప్పేటప్పుడే కొంచెం నవ్వుతుంది. ఈ సంగతి తెలియక మోసపోయినవాళ్లు మునగాల మండలంలో ఊరికొకరైనా ఉంటారు. సూర్యాపేట ఆఫీసులో ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన నాకే అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

నా పేరు జ్యోతి. మాది మిర్యాలగూడ దగ్గర తండా. ఆండాలు వాళ్లది మునగాల పక్కన పల్లె, గొర్ల కాపరుల కుటుంబం. వాళ్ల నాయన అచ్చయ్య నెమ్మదైన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ ఎన్ని గొర్లున్నాయని అడిగితే మాత్రం ఎన్నడూ సరైన లెక్క చెప్పడు. చెబితే మందకు దిష్టి తగులుతుందని నమ్మకం. "మా ఇంట్ల అబద్ధం వంశపారంపర్యమే. మా నాయినకు గొర్ల కాడనే ఆగింది, నాకు ఆగలే" అనేది ఆండాలు.

చిన్నప్పుడు ఆమె మేనత్త గోపమ్మకు చెప్పిన అబద్ధం వాళ్ల ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. టీవీలో వార్తలు చదివే ఆమెకు మనం కూడా కనిపిస్తామని చెప్పింది. గోపమ్మ నమ్మింది. ఆ రోజు నుంచి వార్తల టైముకు తల దువ్వుకుని, కొంగు సర్దుకుని కూర్చునేది. టీవీలో ఆమె నమస్కారం అంటే ఈమె తిరిగి దండం పెట్టేది. భర్త బనీను మీద వచ్చి కూర్చుంటే, "సిగ్గు లేదా? ఆడామె సూస్తున్నది, అంగీ ఏసుకో" అని కసిరేది. ఒకరోజు వార్తలు చదివే ఆమె ఎందుకో పక్కకు చూసి నవ్వింది. గోపమ్మ చిన్నబుచ్చుకుని, ఆ చానల్ పెట్టడమే మానేసింది. అబద్ధమని తెలిశాక కూడా ఆ చానల్ మీద కోపం మాత్రం పోలేదు.

ఆండాలు కోదాడలో డిగ్రీ చదివింది. చదువైపోయాక, 2010లో, సూర్యాపేటలో మురళీధర్ సార్ పెట్టిన ఆఫీసులో ఉద్యోగానికి వచ్చింది. ఎరువుల దుకాణం పైన మేడ మీద ఒక పెద్ద గది, వరసగా కంప్యూటర్లు, కరెంటు పోతే కుయ్యిమని అరిచే ఇన్వర్టర్. కింది నుంచి యూరియా వాసన ఎప్పుడూ వస్తూనే ఉండేది. ఆ వాసనకు అలవాటు పడి, ఇంటికి పోతే ఏదో తక్కువైనట్టు అనిపించేది నాకు.

ఇంటర్వ్యూలో మురళీధర్ సార్ అందరినీ ఒకే మాట అడిగాడు.

"సూడమ్మా, ఈ పనికి స్పీడు ముఖ్యం కాదు, నిజాయితీ ముఖ్యం. అబద్ధం చెప్పే అలవాటు ఉన్నదా?"

నేను తడబడ్డాను. "చిన్న చిన్నయి చెప్త సార్" అన్నాను. ఆండాలు మాత్రం ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "నాకు అబద్ధం చెప్పుడు రాదు సార్" అంది. ఒక్క గీత కదలలేదు. సార్ ఎంత మెచ్చుకున్నాడంటే, ఆమెను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. నాకు ఇన్వర్టర్ పక్కన దొరికింది.

పని ఏమిటంటే, హైదరాబాద్‌లో కొందరు పరిశోధకులు కంప్యూటర్‌కు తెలుగు చదవడం నేర్పుతున్నారు. అక్షరాలు కాదు, విషయాలు. ఏ ఊరు ఎక్కడుంది, ఏది పంట, ఏది కూర, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవన్నీ ఇంటర్నెట్ చదివి అదే నేర్చుకోవాలి. మొదట దానికి కొన్ని ఊర్ల పేర్లు ఇచ్చి వదిలారట. కోదాడ ఊరు, మిర్యాలగూడ ఊరు, ఇక మిగతావి నువ్వే వెతుక్కో అని. అది పత్రికల సైట్లు, బ్లాగులు, సినిమా కబుర్లు, దొరికినవన్నీ చదివేది. 'కోదాడలో రైతులు', 'మిర్యాలగూడలో రైతులు' అని కనిపిస్తే, 'లో రైతులు' అన్న మాటకు ముందు వచ్చేది ఊరన్నమాట అని తేల్చుకునేది. తర్వాత ఎక్కడో 'హుజూర్‌నగర్‌లో రైతులు' అని కనబడగానే, హుజూర్‌నగర్ కూడా ఊరే అని జమ కట్టుకునేది. ఇలా అది నేర్చుకున్న ప్రతి సంగతీ మా తెర మీదికి వచ్చేది. కింద మూడు బొత్తాలు: నిజం, అబద్ధం, తెలియదు. మేము ఒకటి నొక్కాలి. మేము నొక్కినదాన్ని బట్టి అది తన తప్పు దిద్దుకుని మళ్లీ చదవడానికి పోయేది.

ఆండాలు మొదటి రోజే దానికి 'పోరడు' అని పేరు పెట్టింది. పొద్దున ఆఫీసుకు రాగానే చెప్పులు విడుస్తూ, "పోరడు రాత్రి ఏం నేర్చుకున్నడే?" అని అడిగేది.

పోరడు చాలా నేర్చుకునేవాడు. మునగాకు, మునగకాయ చదివినవాడు మునగాలను కూడా కూరగాయల్లో కలిపేశాడు. ఆండాలు ఈ సంగతి వాళ్ల మేనమామ ఉప్పలయ్యకు చెప్పింది. ఉప్పలయ్యకు మునగాల దగ్గర హైవే మీద దాబా ఉంది. ఆయనకు రోషం వచ్చింది.

"మండలాన్ని పట్టుకొని కూరగాయంటడా? వాని నంబర్ ఇయ్యి, నేను మాట్లాడ్త."

"వాడు కంప్యూటర్ మామా."

"అయితే మాత్రం? పెద్ద చిన్న ఉండొద్దా?"

ఇంకోసారి 'కోమా' అనేది ఒక ఊరని వచ్చింది. పెద్దవాళ్లు కోమాలోకి వెళ్తారు, కోమాలో ఉంటారు, కొందరు కోమా నుంచి బయటికి వస్తారు. పోరడి లెక్క ప్రకారం అది పెద్దమనుషులు వెళ్లే ఊరు, తిరుగు బస్సులు తక్కువ. నేను నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారిపడ్డాను. మురళీధర్ సార్ వచ్చి, "పనికాడ నవ్వుడేంది?" అన్నాడు. "జ్యోతికి కడుపునొప్పి సార్" అంది ఆండాలు. సార్ వెంటనే కింద రోడ్డు మీది బండి నుంచి సోడా తెప్పించాడు. లేని నొప్పికి దాన్ని తాగాల్సి వచ్చింది.

2011 వచ్చింది. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బందులు, సమ్మెలు, వాయిదా పడే పరీక్షలు. పత్రికల్లో రోజూ ఒకే రకం హెడ్డింగులు: అయోమయంలో రైతులు. అయోమయంలో విద్యార్థులు. అయోమయంలో నిరుద్యోగులు. పోరడు అన్నీ శ్రద్ధగా చదివాడు. ఒక మధ్యాహ్నం ఆండాలు తెర మీద ఈ వాక్యం ప్రత్యక్షమైంది:

'అయోమయం ఒక ఊరు.'

కింద మూడు బొత్తాలు.

మామూలుగా అయితే అబద్ధం నొక్కి ముందుకు పోవాలి. ఆండాలు మౌస్ మీద చెయ్యి పెట్టి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. నేను వంగి చూశాను.

"నొక్కు మరి" అన్నాను.

"ఆగవే. వాడు చెప్పేది ఆలోచించు. రైతులు గాడనే ఉన్నరు, విద్యార్థులు గాడనే ఉన్నరు, నిరుద్యోగులు, ఉద్యోగులు అందరూ గాడనే ఉన్నరు. గంతమంది ఉన్నంక ఊరు కాకుంటే ఇంకేంది?"

అని, నవ్వకుండా, నిజం నొక్కింది. తప్పులు పడకుండా ప్రతి సంగతినీ ఇద్దరు చూడాలని నియమం. రెండో మనిషిని నేను. నేనూ నిజం నొక్కాను. అదేం నియమమో, మా ఇద్దరి మధ్య పడ్డాక దానికి అర్థం లేకుండా పోయింది.

ఊరని ఖాయమయ్యాక పోరడికి ఆకలి మొదలైంది. ఊరంటే సర్పంచ్ ఉండాలి, పంట ఉండాలి, పక్క ఊర్లుండాలి. వారం రోజులు తెర మీద ఖాళీలే వచ్చాయి. అయోమయం సర్పంచ్ ఎవరు, దొరకలేదు. అయోమయంలో ఏం పండుతుంది, దొరకలేదు.

"పాపం ఆకలితోని తిరుగుతున్నడు, ఏదన్న పెడదాం" అంది ఆండాలు. ఆ సాయంత్రమే ఒక బ్లాగు తెరిచింది. ఏదో వ్యాసం రాసినంత గంభీరంగా రాసింది:

"అయోమయం గ్రామం మునగాల మండలంలో హైవేను ఆనుకుని ఉంది. ఇక్కడ ప్రధాన పంట వరి. ఏ వరి అన్నది కోత అయ్యాక తేలుతుంది. ఊరికి రెండు బస్‌స్టాపులు, ఎదురెదురుగా. ఎటువైపు నిలబడాలో తేల్చుకునేలోపు రెండు వైపుల బస్సులూ వెళ్లిపోతాయి. గ్రామ సర్పంచ్ శ్రీ మైసయ్య మితభాషి."

మైసయ్య ఉప్పలయ్య దాబాలో వంట మనిషి. సర్పంచ్ పేరు కావాలంటే ఆండాలుకు అప్పటికి ఆ పేరే తట్టింది.

ఒకచోట రాస్తే పోరడు నమ్మడు. వేరువేరు చోట్ల కనిపించాలి. అందుకని నేను ఆ ఊరి బళ్లో చదువుకున్నట్టు ఇంకో బ్లాగు రాశాను. ఆదివారం తండాకు పోయినప్పుడు మా నాయనమ్మ భూలికి ఈ కథంతా చెబితే, ఆమె చాలాసేపు విని ఒకే మాట అడిగింది.

"గా ఊర్ల మనోళ్లు ఉన్నరా?"

"లేరు నాయనమ్మా, నేను రాయలే."

"మనోళ్లు లేంది ఊరెట్లయితది?"

సోమవారం వచ్చి అయోమయానికి ఒక తండా కట్టాను. ఆండాలు నా బ్లాగు చదివి, "మంచిగున్నది. పండుగకు పిలువు" అంది.

మూడోది వంటల బ్లాగు. అది పూర్తిగా ఆండాలు గొప్పతనమే. 'అయోమయం పులుసు' అని పేరు. చింతపండు నానబెట్టడం నుంచి అంతా సరిగ్గా రాసి, చివర్లో, "ఉప్పు వేశారో లేదో గుర్తు లేకపోతే మళ్లీ వేయండి. ఈ పులుసు రుచి అక్కడే ఉంది" అని రాసింది. దాన్ని ఎవరో వంటల సైటు వాళ్లు ఎత్తుకుని తమ పేరు మీద వేసుకున్నారు. వాళ్ల దగ్గర నుంచి ఇంకెవరో ఎత్తుకున్నారు. నాలుగు చోట్ల కనబడేసరికి పోరడు ఎంతో ధీమాగా మా ముందుకొచ్చాడు: 'అయోమయం పులుసు ఒక వంటకం. అయోమయం అనే ఊరిలో ప్రసిద్ధి.' ఇద్దరం నిజం నొక్కాం.

నెలలు గడిచాయి. మేము దాన్ని సగం మరిచిపోయాం. ఒకరోజు మురళీధర్ సార్ చేతిలో ప్రింటు తీసిన మెయిలు పట్టుకుని, మొహం వెలిగిపోతుండగా వచ్చాడు.

"మన పేరు మారుమోగుతది ఇగ! ప్రభుత్వం లెక్కల్ల లేని ఊరును మన ప్రోగ్రామ్ దానంతట అదే కనిపెట్టిందట. హైదరాబాద్ నుంచి పరిశోధన చేసే మేడమ్ వస్తున్నది. గా ఊరును కళ్లతో సూస్తదట."

మెయిలు ఇంగ్లీషులో ఉంది. ఆ అక్షరాల్లో చూసేసరికి ఆయనకు ఆ పేరు 'ఆయో మాయమ్' అనిపించింది. "పాత పేరై ఉంటది. దేవుని పేరు మీద పెట్టి ఉంటరు" అన్నాడు. "మునగాల దిక్కు అని ఉన్నది. ఆండాలూ, నీది గా దిక్కే కదా, నీకు తెలుసా?"

ఇప్పుడైనా చెప్పేస్తుందనుకున్నాను. ఆండాలు లేచి నిలబడి, "తెలుసు సార్. మా మేనమామ గాడనే ఉంటడు" అంది.

సార్ వెళ్లగానే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఉద్యోగం పోతదే. సార్ పరువు పోతది. చెప్పేద్దాం."

"చెప్తే ఇప్పుడే పోతది. చెప్పకుంటే రేపు పోతది. ఒక రోజు లాభమే కదా" అని ఫోన్ తీసి మేనమామకు చేసింది. స్పీకర్ పెట్టింది.

"మామా, రేపు ఒక్క పూట నీ దాబా ఉన్న జాగ పేరు మారుతది."

"ఏం పేరు?"

"అయోమయం."

"ఎవరికి?"

"ఎవరికీ కాదు, ఊరి పేరే అది."

"నాకేం సమజ్ అయితలేదు బిడ్డా."

"గదే మామా, గట్లనే ఉండు. ఎవరడిగినా గట్లనే చెప్పు. అట్ట మీద పేరు రాసి దాబా ముందట కట్టు. పులుసు వండించు. ఇంకోటి, మైసయ్య సర్పంచ్."

ఉప్పలయ్య గొంతు పెరిగింది.

"నా దాబాల గంటె తిప్పెటోడు సర్పంచ్. మరి నేనేంది?"

"నువ్వు ఊరి పెద్దమనిషివి."

"గిదేం న్యాయం? మార్సు. నా పేరు పెట్టు."

"మార్చరాదు మామా. పోరడు ఇప్పటికే నేర్చుకున్నడు."

ఉప్పలయ్య చాలాసేపు అలిగాడు. చివరికి పెద్దమనిషికి తగ్గట్టు భుజం మీద కండువా వేసుకోవచ్చని ఒప్పందం కుదిరింది.

మర్నాడు మేడమ్ వచ్చింది. నడివయసు మనిషి, నూలు చీర, మెడలో కళ్లద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. సార్‌తో ఇంగ్లీషులో, మాతో హిందీలో మాట్లాడింది. తెలుగు ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు సగం ప్రాణం తిరిగొచ్చింది. తెలుగు రానప్పుడు అయోమయమైనా ఆలేరైనా ఒకటే కదా అనుకున్నాను. కారులో ముందు సీట్లో సార్, వెనక మేడమ్, ఆమెకు అటూ ఇటూ మేమిద్దరం. సూర్యాపేట దాటి హైవే ఎక్కాక మేడమ్ కిటికీలోంచి నారుమళ్లు చూస్తూ, ఆ ఊరి గురించి చెప్పమంది. దారి పొడవునా ఆండాలు చెబుతూనే ఉంది. ఆ ఊళ్లో పెళ్లికి పిలుపులు పెళ్లయ్యాక అందుతాయని చెప్పింది. పంచాయితీ పెడితే తీర్పు చెప్పరు, రెండు పక్షాలూ అలిసిపోయేదాకా కూర్చోబెడతారని చెప్పింది. సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "చాలా ప్రత్యేకమైన ఊరులాగున్నది" అన్నాడు.

దాబా ముందు అట్ట కట్టి ఉంది. పెద్ద అక్షరాలతో 'అయోమయం' అని రాసి, కింద బాణం గుర్తు వేశారు. బాణానికి రెండు వైపులా మొనలున్నాయి. అది ఉప్పలయ్య సొంత తెలివి.

మురళీధర్ సార్ కారు దిగి, ఆ అట్ట చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన పెదవులు మెల్లగా కూడబలుక్కుంటున్నాయి. ఆయన ముఖం పాలిపోవడం నేను కళ్లారా చూశాను. కానీ మేడమ్ పక్కనే ఉంది. నోరు తెరిస్తే తన ఆఫీసు సంగతే బయటపడుతుంది. "రండి మేడమ్" అన్నాడు. ఆ క్షణం నుంచి ఆయన కూడా మా జట్టే.

సర్పంచ్ మైసయ్య చేతిలో గంటెతోనే బయటికి వచ్చాడు. కొత్త అంగీ వేశారు గానీ గంటె పెట్టేసి రమ్మనడం మరిచిపోయారు. మేడమ్ దండం పెట్టి హిందీలో అడిగింది, ఆండాలు తెలుగులో చెప్పింది.

"ఊర్ల ఎంతమంది ఉంటరని అడుగుతున్నది."

మైసయ్యకు అబద్ధం రాదు. నిజమే చెప్పాడు. "పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు. లారీలను బట్టి ఉంటది."

"బడి ఎక్కడున్నదట?"

మైసయ్య కోదాడ దిక్కు చూపించాడు. అదే క్షణంలో ఉప్పలయ్య కండువా సర్దుకుంటూ సూర్యాపేట దిక్కు చూపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చూపిన దిక్కులు మార్చుకున్నారు.

మేడమ్ రోడ్డు దగ్గరికి నడిచి బస్‌స్టాపులు చూసింది. నిజంగానే రెండు, ఎదురెదురుగా. హైవే మీద ఎక్కడైనా అంతే గదా. ఆమె తల ఊపింది. లోపలికి వచ్చి నులక మంచం మీద కూర్చుంది. మైసయ్య అన్నం, పులుసు వడ్డించాడు. మేడమ్ కలుపుకుని నెమ్మదిగా తిన్నది. మేమంతా చుట్టూ నిలబడి ఆమె నోటి వైపే చూస్తున్నాం. తిన్నాక చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మైసయ్య వైపు తిరిగి అచ్చమైన తెలుగులో అంది:

"పులుసు చాలా బాగుందండీ. ఉప్పు వేశారో లేదో గుర్తు లేక మళ్లీ వేసినట్టున్నారు?"

లారీ ఒకటి పోయింది.

"మా అమ్మగారిది నందిగామ" అంది మేడమ్. "మీ మూడు బ్లాగులూ చదివాను. పెళ్లి పిలుపుల సంగతి మాత్రం అందులో లేదు, దార్లో కల్పించినట్టున్నావు. అది కూడా రాయి."

ఆమె ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. నేను ఆండాలును చూశాను. ఆమె చెవులు ఎర్రగా అయిపోయాయి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమెను అలా చూడలేదు. బస్సులో పర్సు కొట్టేసిన దొంగ దిగేసరికి, తన పర్సు ఇంకొకడు కొట్టేశాడని తెలిస్తే ఎలా ఉంటాడో అలా ఉంది.

"ఎట్ల తెలుసుకున్నరు మేడమ్?" అంది చివరికి, చిన్న గొంతుతో.

"మీ ఇద్దరి పనిలో తప్పులు వెతికి వెతికి అలిసిపోయాను. వేలకొద్దీ సంగతులు చూశారు, దాదాపు అన్నీ సరిగ్గా నొక్కారు. ఈ ఒక్క ఊరి దగ్గరే ప్రతిసారీ ఇద్దరూ కలిసి తప్పు నొక్కారు. పొరపాటైతే ఇద్దరికీ ఒకేచోట రాదు కదా. అప్పుడు చదివాను. తిట్టి మెయిలు రాద్దామనుకున్నాను. కానీ ఇంత కష్టపడి ఊరు కట్టినవాళ్లు, చూడ్డానికి వస్తానంటే ఏం చేస్తారో చూడాలనిపించింది. సర్పంచ్‌ను కూడా పెడతారనుకోలేదు."

మైసయ్య గంటె వెనక్కి దాచుకున్నాడు. ఉప్పలయ్యకు మాత్రం అప్పుడు కూడా సర్పంచ్ మాటే గుచ్చుకుంది. "నేను పెద్దమనిషిని మేడమ్" అన్నాడు.

మురళీధర్ సార్ చేతులు జోడించాడు. "మేడమ్, వీళ్లను ఇయ్యాలనే తీసేస్త."

"తీసెయ్యకండి. నాకు కావాలి" అంది మేడమ్.

ఆమె చెప్పింది విని మాకు మొదట నమ్మకం కుదరలేదు. ఇంటర్నెట్‌లో రాసిందల్లా నిజమని నమ్మే కంప్యూటర్ ఎందుకూ పనికిరాదు, దాన్ని మోసం చేయడం ఎంత తేలికో మీరే చూపించారు, ఇకనుంచి ఆండాలు పని అబద్ధాలు రాయడమే, అది వాటిని పట్టుకోగలిగేలా చేయడం హైదరాబాద్‌లో మా పని, అంది. ఆండాలు అనుమానంగా, "ఎన్ని రాసినా ఏమనరా?" అని అడిగింది.

"తక్కువ రాస్తే అంటాను."

తిరుగు ప్రయాణంలో మేడమ్, సార్ ఎరువుల ధరల గురించి మాట్లాడుకున్నారు. ఆండాలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఉద్యోగం నిలబడ్డందుకు సంతోషించాలి. కానీ ఆమెకు దిగులుగా ఉంది. సూర్యాపేటలో దిగాక నాతో అంది, "చెప్పమని చెప్పినంక అబద్ధం చెప్తే ఏం మజా ఉంటదే?"

ఆ మాట నిజమే అయింది. మొదట్లో ఆమె రాసినవన్నీ పోరడు పట్టేశాడు. అన్నీ ఒకే రోజు పుట్టాయని, ఒకే ఆఫీసు నుంచి వచ్చాయని, ఒకే చెయ్యి రాసినట్టు ఉన్నాయని. ఆండాలుకు పౌరుషం వచ్చింది. బస్సెక్కి ఒకసారి హుజూర్‌నగర్, ఒకసారి కోదాడ, ఒకసారి మిర్యాలగూడ పోయి అక్కడి ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని రాసింది. కోదాడలో రాసేటప్పుడు 'అండీ' లు కలిపింది, అటువైపు మాట అలా ఉంటుందని. అయినా పట్టేశాడు.

చాలా రోజులకు కారణం ఆమెకే తోచింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చచ్చి, మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాం.

"నిజం ఊరి గురించి ఎవరూ మంచిగ రాయరే. మునగాలల బండి పంచరయింది అని ఒకడు రాస్తడు. మునగాలల చాయ్ తాగినం, బాగలేదు అని ఇంకొకడు రాస్తడు. గవన్నీ ఎవనికీ పనికిరాని ముచ్చట్లు. నా ఊర్లల్ల పంచర్లు కావు, చాయ్ మంచిగుంటది. గందుకే దొరుకుతున్న."

అప్పటి నుంచి ఆమె రాసిన ఊర్లలో బళ్లు పంచరయ్యాయి. చాయ్ నీళ్లలా ఉండేది. ఎవరిదో గొడుగు బస్సులో పోయేది. పోరడు మళ్లీ మోసపోవడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ వాళ్లు దానికి ఇంకేదో నేర్పేవాళ్లు, ఈమె ఇంకేదో కనిపెట్టేది. పోరడు పట్టేసిన రోజున ముందు తిట్టుకునేది, తర్వాత అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించేది. "ఎదిగిండు పోరడు" అనేది. పరీక్ష కోసం రాసినవన్నీ నెట్ నుంచి తీసేశాక కూడా ఆమె అబద్ధం ఒకటి మిగిలిపోయిందనీ, దాన్ని ఎవరూ పట్టలేదనీ నాతో చెప్పింది. ఏదో చెప్పమని ఎంత బతిమాలినా చెప్పలేదు. నిజంగా ఉందో లేదో కూడా తెలియదు.

2013లో ఆ పరిశోధన ముగిసింది. ఎందుకు ముగిసిందో మాకెవరూ చెప్పలేదు. ఒక సోమవారం తెర మీద కొత్తవేవీ రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ఆండాలు కాసేపు ఖాళీ తెర ముందు కూర్చుని, "పోరడు సెలవులకు పోయినట్టున్నడు" అని లేచి వెళ్లిపోయింది. మురళీధర్ సార్ ఆ గదిని ఎరువుల దుకాణం వాళ్లకే గోదాముగా కిరాయికి ఇచ్చేశాడు.

ఇప్పుడు మేమిద్దరం మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాం. నేను లెక్కలు, ఆమె కంప్యూటర్లు. రైసుమిల్లుల ఊక ఎగిరొచ్చి కీబోర్డుల మీద పడుతూ ఉంటుంది. క్లాసులో ఆమెకు ఒక పద్ధతుంది. రోజూ పాఠంలో ఒక అబద్ధం కలుపుతుంది, అదేదో పిల్లలు సాయంత్రంలోగా కనిపెట్టాలి. మొదట్లో ప్రిన్సిపాల్ దగ్గరికి ఫిర్యాదులు వెళ్లాయి. తర్వాత చూస్తే, పుస్తకాలు తిరగేసేది ఆ క్లాసు పిల్లలే అని తేలింది. ఫిర్యాదులు ఆగిపోయాయి.

మొన్న స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే స్వర్ణ అనే అమ్మాయి వచ్చింది. పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఉంది, ముఖం వాడిపోయింది.

"మేడమ్, పొద్దటి నుంచి వెతుకుతున్న. మీరు చెప్పినయన్నీ పుస్తకంల ఉన్నయి, నెట్ల కూడ ఉన్నయి. ఏది అబద్ధమో దొరుకుతలేదు."

ఆండాలు గ్లాసు కింద పెట్టింది. "ఇయ్యాల అబద్ధం కలపలే. మర్చిపోయిన" అంది.

స్వర్ణ వెళ్లబోయి తలుపు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి ఆండాలు ముఖం వైపు కళ్లు చిన్నవి చేసి చూసింది. నేనూ చూశాను. ఆమె మళ్లీ గ్లాసు తీసుకుని చాయ్ ఊదుకుంటోంది. నవ్వుతోందో, వేడికి పెదవులు ముడిచిందో నాకూ తెలియలేదు.